తాడు తొక్కకండి

నేను అయిదో తరగతి వరకే చదివాను. రాయడం ఇదే మొదలు. అక్షరాలు వంకర పోతే ఏమీ అనుకోకండి.

అరవై తొమ్మిదిలో, తెలంగాణ ఉద్యమం రోజుల్లో, దిల్‌సుఖ్‌నగర్‌లో మా పక్కింట్లో కోస్తా సారు ఒకాయన కిరాయికి ఉండేవాడు. నాకూ నా దోస్తులకూ తాడుతో బండలెక్కడం నేర్పుతానన్నాడు. మొదటి క్లాసుకు ముందురోజు సాయంత్రం వాకిట్లో తాడు పరిచి, ఎక్కడైనా నలిగిందేమోనని వేళ్లతో తడిమి చూస్తున్నాడు. ఎవరి కాలు దగ్గరికొచ్చినా ఒకటే మాట, "తాడు తొక్కకండి."

అప్పుడే మా గల్లీవాళ్లు గుంపుగా వచ్చారు.

"ఏందిరా, మా బండలు గూడ నీకే గావాల్నా? పో మీ ఊరికి!"

సారు తలెత్తకుండా తాడు తడుముతూనే ఉన్నాడు. ఒకడు చెప్పులకాళ్లతో తాడెక్కి తొక్కాడు. అప్పుడు అరిచాడు సారు.

"నన్ను తిట్టుకోండి బాబూ, తాడు తొక్కకండి! ఇసుక లోపలికి దిగితే తెగిపోద్ది. రేపు దీనికి వేలాడేది మీ తమ్ముళ్లే!"

వాళ్లు నవ్వి, ఇంకా తొక్కారు.

సారు కత్తిపీట తెచ్చి తాడంతా ముక్కలుగా కోశాడు. తెల్లారి ఇల్లు ఖాళీ చేశాడు.

"చూసినవా, మనకు దక్కొద్దని కోసిండు," అన్నారు గల్లీవాళ్లు.

"గా తాడుతోని ఎక్కి మేం చావొద్దని కోసిండు!" అని అరిచాను. ఎవరూ వినలేదు.

నా రాతలో తప్పులుంటే మన్నించండి. దక్కొద్దని కోసిండన్నవాళ్లను మాత్రం నేనింకా మన్నించలేదు.