తండేలు మొదటి గుక్క

భోగాపురం అవతల, సముద్రపు ఒడ్డు పల్లెలో లక్ష్ముడు తండేలు. అంటే బోటు నడిపేవాడు, ఎక్కడ వల వెయ్యాలో చెప్పేవాడు, తనతో వేటకొచ్చే కళాసీలు నలుగురినీ కెరటాల మీంచి ఒడ్డుకు తెచ్చే పూచీ ఉన్నవాడు. ఇరవై ఏళ్ళలో ఆ ఇంజను పిడి మరొకరి చేతికి ఇచ్చి ఎరగడు. అందులో పదిహేనేళ్ళు తాగే నడిపాడు. నీళ్ళు తెలిసినవాడికి తాగినా తాగకపోయినా ఒకటేనని అతని ధీమా. మార్చిలో ఒక పొద్దున ఆ ధీమా కాస్తా బోల్తా కొట్టింది. ఒడ్డుకు వస్తూ కెరటం అంచనా తప్పాడు. బోటు తిరగబడి, కళాసీల్లో ఒకడైన బావమరిది గోవింద్ కాలు విరిగింది.

కళాసీలు ఎక్కువ మాట్లాడలేదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా ఏప్రిల్లో సర్కారు పెట్టే రెండు నెలల వేట నిషేధం ముగిసేలోగా తాగుడు మానితే సరి, లేదంటే వేరే బోటు చూసుకుంటామన్నారు. కళాసీలు లేని తండేలుని పల్లెలో కుక్క కూడా పలకరించదని లక్ష్ముడికి తెలుసు.

వేట లేని రోజుల్లో అసలే మగవాళ్ళకు కాలు నిలవదు. పైగా చుక్క లేదు. వల బాగుచేద్దామని కూర్చుంటాడు, నాలుగు కళ్ళు అల్లి లేచిపోతాడు. ఒడ్డుకు వెళ్తాడు, వస్తాడు, వచ్చిన కాలితోనే మళ్ళీ వెళ్తాడు. అన్నం ముద్ద నోటికి అందనంతగా చేతులు వణికాక, భార్య దేముడమ్మ ఆరోగ్య కేంద్రానికి లాక్కుపోయింది. అక్కడి నర్సు ఝాన్సీ డాక్టరు చేత మాత్రలు ఇప్పించి, ఒక ఫోను నంబరు రాసిచ్చింది. విజయనగరంలో తాగుడు మానినవాళ్ళు ప్రతి ఆదివారం ఒకచోట కూడతారట.

మొదటి ఆదివారం కొత్తగా కడుతున్న విమానాశ్రయం లారీల దుమ్ములో బస్సెక్కి వెళ్ళాడు. చిరునామా ప్రకారం మేడ మెట్ల దాకా నడిచాడు. కింద టైలరు కొట్టు ముందున్న ఆడవాళ్ళు తలెత్తి చూసేసరికి, తన సంగతి నుదుటి మీద రాసి ఉన్నట్టే అనిపించింది. వచ్చిన బస్సులోనే ఇంటికి చేరి, ఇవాళ మీటింగు లేదట అన్నాడు. దేముడమ్మ ఆ మాట నమ్మలేదు. పై ఆదివారం తనూ బయల్దేరి, అతన్ని పైకి పంపి, మెట్ల కింద కూర్చుంది. ఇక ఎటు పారిపోతాడు?

పైన ఎనిమిది మంది, ప్లాస్టిక్ కుర్చీలు, ఒక టీ ఫ్లాస్కు. ఒక్కొక్కరూ పేరు చెప్పి, తాను తాగుబోతునని ఒప్పుకుని, కథ మొదలుపెడుతున్నారు. లక్ష్ముడికి కుర్చీలో ముళ్ళున్నట్టుంది. రైల్వేలో చేసి రిటైరైన ధనరాజ్ అనే పెద్దాయనని మొహం మీదే అడిగేశాడు.

"ఇలా ఎన్నాళ్ళు రావాల బాబూ? జూన్ పదిహేనుకి నాకు వేటుంది."

తాను పదకొండేళ్ళుగా వస్తున్నానని ధనరాజ్ చెప్పాడు. లక్ష్ముడికి ఒళ్ళు మండింది. అయినా మళ్ళీ వారం వెళ్ళాడు, ఆ పై వారమూ వెళ్ళాడు. ఎందుకంటే ఆ గంటన్నరలో అతన్ని చూసి ఎవరూ మొహం తిప్పుకోలేదు. ఆ సుఖం ఈమధ్య అతనికి ఇంట్లో కూడా లేదు.

నిషేధం ముగింపుకొచ్చేసరికి కొత్త గుబులు పట్టుకుంది. వాళ్ళ పల్లెలో బోటు మళ్ళీ నీళ్ళలోకి దిగే రోజున గంగమ్మకు సారా పోస్తారు. మిగిలినదాంట్లో మొదటి గుక్క తండేలుది. అతను తాగనిదే ఏ కళాసీ బోటెక్కడు.

తాగితే దిగిపోతామన్న మనుషులే దీనికి మాత్రం నవ్వేశారు. "అది తాగుడేటి బావా, అమ్మ పెసాదం," అన్నాడు గోవింద్. అన్ని వారాలు మెట్ల కింద కాపలా కూర్చున్న దేముడమ్మ కూడా తమ్ముడి మాటకే తలూపింది. లక్ష్ముడికి అది అందరికన్నా ఎక్కువ తగిలింది.

ఆఖరి ఆదివారం మీటింగులో అడిగాడు. తాగమని గానీ వద్దని గానీ ఎవరూ అనలేదు. ధనరాజ్ మాత్రం, "ఒక్క గుక్కతో ఆగేవాడివైతే నువ్వీ మెట్లు ఎక్కేవాడివా?" అన్నాడు. బస్సులో దారి పొడవునా లక్ష్ముడు ఆయన్ని తిట్టుకుంటూనే ఉన్నాడు.

జూన్ పదిహేను. తెల్లారేసరికి బోటు ముక్కుకు పసుపు రాసి, బొట్లు పెట్టారు. లక్ష్ముడు గంగమ్మకు సారా పోశాడు. ఆ వాసనకు నోరూరింది. నరనరమూ కావాలంది, అందులో దాపరికం ఏముంది. ఈ గుక్క మింగితే సాయంత్రానికి తాను ఎక్కడ పడుంటాడో తెలుసు. మింగకపోతే బోటు కదలదు. ఊరు ఊరంతా సీసా వంకే చూస్తోంది.

సీసా తీసి గోవింద్ చేతిలో పెట్టాడు.

"మొదటి గుక్క తండేలుది. ఇయ్యాల్టి నుంచి నువ్వే తండేలివి. తాగు."

దేముడమ్మ ఇసుకలో చతికిలబడిపోయింది. గోవింద్ కళాసీల మొహాలు చూశాడు. ఎవరూ కాదనలేదు. కళ్ళు మూసుకుని ఒక గుక్క తాగాడు.

బోటు నీళ్ళలోకి దిగింది. గోవింద్ కుంటుకుంటూ వెళ్ళి ఇంజను దగ్గర కూర్చున్నాడు. లక్ష్ముడు ముందువైపు, వల పక్కన ఇరుక్కున్నాడు. రెండో కెరటం లేవడం అందరికన్నా ముందు చూశాడు. నోటి దాకా వచ్చిన కేకను మింగేశాడు. గోవింద్ పిడి తిప్పడం ఒక క్షణం ఆలస్యమై, నీళ్ళు బోట్లోకి ఎగిరిపడ్డాయి. లక్ష్ముడు డబ్బా అందుకుని తోడిపొయ్యడం మొదలుపెట్టాడు. తోడుతూనే, తల ఎత్తకుండా అడిగాడు.

"ఆదివారం నాకు సెలవు కావాల తండేలా. ఇజీనారం ఎల్లాల."

'తండేలా' అన్న ఆ ఒక్క మాట నోట రావడానికి లక్ష్ముడికి మరో రెండు కెరటాలు దాటేంత సేపు పట్టింది.