నేను మార్చి చెప్పిన మాటలు

మా ఆసుపత్రికి కొత్త డాక్టరు వచ్చిన వారానికే నేను అబద్ధాలు మొదలుపెట్టాను. అంతకుముందు ఆడలేదని కాదు, అవి ఇంటివరకే ఉండేవి.

తెలంగాణ సరిహద్దుకు అవతలి పక్క ఆనుకున్న కొంటా బ్లాకులో ఒక పల్లె మాది. అక్కడ నేను మితానిన్‌ని, అంటే ఇంటింటికీ తిరిగి గర్భిణులనూ పసిపిల్లలనూ చూసుకునే ఆరోగ్య కార్యకర్తని. ఇంట్లో తెలుగు, వీధిలో ఇక్కడి ఆదివాసుల భాష దోర్లీ, మీటింగుల్లో హిందీ మాట్లాడతాను. డాక్టరుకి హిందీ ఒక్కటే వచ్చు. రోగుల్లో చాలామందికి హిందీ తప్ప అన్నీ వచ్చు. అందుకని ఓపీ ఉన్న రోజుల్లో ఆయన బల్ల పక్కన నాకో స్టూలు వేశారు.

డాక్టరు మంచివాడు. ముప్పై ఏళ్లు నిండలేదు. బయట ఎంతమంది కూర్చున్నా అందరినీ చూడనిదే లేచేవాడు కాదు. నోరే కాస్త చెడ్డది.

ఆ వారంలో ఒక తాత వచ్చాడు. బీపీ మాత్రలు తల తిరిగినప్పుడే వేసుకుంటాడు. తిరగడం ఆగితే మిగిలినవి దాచిపెడతాడు. డాక్టరు బీపీ చూసి, చేతి పట్టీ విప్పుతూ హిందీలో మండిపడ్డాడు. "రోజూ మాత్ర వేసుకోకపోతే పక్షవాతం వచ్చి పడిపోతాడని చెప్పండి. పడ్డాక నా దగ్గరికి మాత్రం తీసుకురావద్దు. నేను చూడను."

తాత నా మొహంలోకి చూశాడు. "ఏమంటున్నడు?"

తిట్టారని తెలిస్తే ఆయన మళ్లీ ఈ గడప తొక్కడు. అందుకని దోర్లీలో ఇలా చెప్పాను: "రోజూ మాత్ర ఏసుకోకపోతే కాలు, చెయ్యి పడిపోతయంట. నిన్ను చూస్తే వాళ్ల తాత యాదికొస్తున్నడంట. నీకేమన్నా అయితే చూడలేనంటున్నడు."

చివరి మాట మటుకు దాదాపు నిజమే.

తాత చెయ్యి చాచి డాక్టరు తల నిమిరాడు. డాక్టరు కుర్చీతో సహా వెనక్కి జరిగి, ఇదేమిటన్నట్టు నా వైపు తిరిగాడు. "అర్థమైందంటున్నాడు సాబ్," అన్నాను.

మందులిచ్చే కిటికీ వెనక కూర్చునే అక్క ఇదంతా వింది. ఆమె కిరండూల్ రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగింది. వాళ్ల నాన్నది విజయనగరం వైపు. ఆదివారం చర్చి మానదు, మిగతా ఆరు రోజులూ అబద్ధం ఆడదు. ఇక్కడికొచ్చిన కొన్నేళ్లలో దోర్లీ కూడా బాగా పట్టేసింది. మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పుతూ నన్ను పట్టుకుంది.

"ఏటే, ఆయన సెప్పిందేటి, నువ్వు సెప్పిందేటి?"

"తాత మాత్రలేసుకోవాలె, అంతే గదక్కా. ఏ మాట చెప్తే ఏసుకుంటడో ఆ మాట చెప్పిన."

"అయితే మంచి జరుగుతాదంటే ఏటి సెప్పినా పర్నేదా?"

"దాంతోని ఎవరికి నష్టమో చెప్పు."

"నష్టం ఎవులికో ఇప్పుడే ఎలాగ తెలుస్తాదే?"

ఆమె తెచ్చిన ఎండుచేపల కూర బాగుంది. తింటూ కూర్చున్నాను.

తాత మాత్రలు మానలేదు. కొన్ని వారాలకి బీపీ దిగింది. ఆ రోజు చంకలో కోడిపుంజుతో వచ్చి, "నా మనవడికి," అంటూ దాన్ని బల్ల మీద దించాడు. అది బీపీ మిషన్ తొక్కుకుంటూ వెళ్లి కాగితాల మీద నిలబడింది. ఇదెందుకని డాక్టరు అడిగాడు. "మందు బాగా పనిచేసిందని, సాబ్," అన్నాను. అదీ సగం నిజమే.

డాక్టరు తన మనవడని తాత ఊరంతా చెప్పుకొచ్చాడు. సూది పేరెత్తితే తలుపులు వేసుకునే ఇళ్లవాళ్లు పిల్లల్ని ఎత్తుకొని టీకాలకి వచ్చారు. నేను గర్వంగా కిటికీ వైపు చూసేదాన్ని. అక్క మాత్రల అట్టలు కత్తిరించుకుంటూ తలెత్తేది కాదు.

నాకు ధైర్యం పెరిగింది. "ఇన్నాళ్లూ ఏం చేస్తున్నావు?" అని డాక్టరు కసిరితే, "ఇంత దూరం నడిచొచ్చినవా" అని చెప్పేదాన్ని. రోగులు ఆయన్ని అన్న మాటలూ వదల్లేదు. "ఈ పిల్లగానికేం తెలుస్తది?" అని ఒక ముసలమ్మ గొణిగితే, "ఇంత చిన్నవయసులో డాక్టరయ్యారే అంటోంది సాబ్" అన్నాను. ఆయన సిగ్గుపడి, ఆమెను రెండోసారి కూడా పరీక్ష చేశాడు.

తొలకరి పడ్డాక ఒక అత్త, ఎనిమిదో నెల కోడలిని తీసుకొచ్చింది. డాక్టరు ఆ పిల్ల కాళ్ల వాపు నొక్కి చూశాడు, బీపీ చూశాడు. "ఈరోజే సుక్మా జిల్లా ఆసుపత్రికి వెళ్లాలి. ఆలస్యమైతే తల్లికీ బిడ్డకీ ప్రమాదం. బండి చెబుతాను," అన్నాడు.

అంతకు రెండేళ్ల ముందు ఇంకో ఇంట్లో నేను ప్రమాదం అన్న మాట వాడాను. వాళ్లు హడలిపోయి వడ్డె దగ్గరికి, అంటే ఊరి మంత్రగాడి దగ్గరికి పోయి, కాన్పయ్యేదాకా నా కంటపడలేదు. అది గుర్తుంచుకొని ఈసారి ఆ మాట మింగేశాను. "ఒకపాలి సుక్మాల చూపించుకొని రమ్మంటున్నడు. భయమేం లేదు," అన్నాను.

అత్త మొహం తేటపడింది. కోడలి చెయ్యి పట్టుకొని బయటికి నడిచింది. బండి దగ్గరికే పోతున్నారనుకొని నేను తర్వాతి చీటీ పిలిచాను.

మూడో రోజు పొద్దున డాక్టరు సుక్మాకి ఫోన్ చేస్తే అలాంటి మనిషే రాలేదన్నారు. "మీరు వాళ్లకి ఏమని చెప్పారు?" అని నన్ను అడిగాడు. నేను జీపు డ్రైవరు కోసం బయటికి పరిగెత్తాను.

అక్కా నేనూ ఆసుపత్రి జీపులో వాళ్ల ఊరికి బయల్దేరాం. చివర్లో జీపు దిగి, మోకాలి లోతు వాగు దాటి నడిచాం. పిల్ల వాకిట్లో నులకమంచం మీద తల పట్టుకొని పడుకుంది. అత్త చేలోంచి విత్తనాల గంపతో వచ్చింది. అప్పుడు మాట మాటా అన్నట్టే చెప్పాను, ప్రమాదం అన్న మాటతో సహా.

"మరి ఆనాడు భయం లేదంటివి?" అంది అత్త.

అరవలేదు. అడిగిందంతే. మంచంతో సహా పిల్లను మోసుకొని నలుగురు రోడ్డెక్కించారు. సుక్మాలో మర్నాడు ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. ఇద్దరూ బతికారు.

తిరిగొస్తుంటే జీపులో అక్క అంది: "నీ లెక్క పెకారం నువ్వు సేసింది మంచి పనే అవ్వాలి. తల్లీ పిల్లా బాగున్నారు కదే."

ఎగతాళికి అనలేదు, నిజంగానే అడిగింది. నేను రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాను. డాక్టరు ఫోన్ చేశాడు, వాగు పొంగలేదు. ఆ రెండింటిలో ఏదీ నా చేతిలోది కాదు. మాట మార్చిన ప్రతిసారీ, ఏం జరగబోతోందో నాకు ముందే తెలుసన్నట్టు మార్చాను.

మర్నాడు డాక్టరుకి తాతతో మొదలుపెట్టి అంతా చెప్పేశాను. ఆయన పెన్ను మూత తీస్తూ పెడుతూ విన్నాడు.

"అయితే నేను ఆయన్ని మా తాతలా ఉన్నాడని అనలేదన్నమాట."

"లేదు సాబ్."

"చిన్నవయసులో డాక్టరయ్యానని ఆ ముసలమ్మ?"

"మీకేం తెలుస్తుందంది."

ఆయన పెన్ను జేబులో పెట్టుకున్నాడు. "ఫలితం మంచిదైతే పని మంచిదే అనేవాళ్లని ఫలితవాదులంటారని మాకు కాలేజీలో చెప్పారు. పరీక్షలో నేనూ వాళ్ల పక్షానే రాశాను," అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "ఇకమీదట నేనన్నది అన్నట్టే చెప్పండి. ఒక్క మాట తగ్గకూడదు."

"తిట్లు కూడానా?"

"తిట్లు కూడా. అలాగైనా నేను తగ్గిస్తానేమో."

"మరి తాతకి నిజం చెప్పెయ్యమంటారా?"

"వద్దొద్దు," అన్నాడు వెంటనే. "బీపీ పెరుగుతుంది."

కిటికీ వెనక అక్కకి పెద్ద దగ్గు వచ్చింది.

తిట్లు నిజంగానే తగ్గాయి. నోరు తెరిచి, నన్ను చూసి, సగం మింగేసేవాడు. అక్క దగ్గర రోజుకి రెండు దోర్లీ మాటలు నేర్చుకోవడం కూడా మొదలుపెట్టాడు.

కొత్త చిక్కుళ్లు కోసుకునే చిక్కుడు పండగకి తాత ఉప్పుచేపలు తెగ తిని, మాత్రలు మరిచి వచ్చాడు. బీపీ చూడగానే డాక్టరు, తిట్లు తగ్గిస్తానన్న మాట తనే మరిచిపోయాడు. అన్నవన్నీ నేను ఒక్కటీ తగ్గించకుండా దోర్లీలో చెప్పాను. తాత కర్ర తీసుకొని లేచి వెళ్లిపోయాడు. రెండు వారాలు రాలేదు. మాత్రలు తీసుకొని నేను ఇంటికి వెళితే, గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

ఆ శనివారం డాక్టరు తాత ఇంటికని మోటార్ సైకిల్ తీశాడు. నేనూ వస్తానంటే, అక్కర్లేదన్నాడు. అప్పటికి ఆయనకి వచ్చిన దోర్లీ మాటలు యాభైకి మించవు. అందులో సగం కడుపు నొప్పికి సంబంధించినవి. చీకటి పడకముందే తిరిగొచ్చాడు. ఏం మాట్లాడారని నేనూ అక్కా ఎంత అడిగినా చెప్పలేదు. సోమవారం పొద్దున ఓపీ తెరిచేసరికి తాత అందరికంటే ముందొచ్చి వరసలో కూర్చున్నాడు.