రెండు వీసీడీలు

జగ్గయ్యపేట స్టూడియో ఉదయభాస్కర్‌ది ఒకటే మొండిపట్టు. వీడియో ఎక్కించమని ఎవరొచ్చినా, వాళ్ల ప్లేయర్ కళ్లజూడందే డిస్కు రైట్ చేయడు. అందుకే పెనుగంచిప్రోలు పున్నమ్మ తన పాత ప్లేయర్‌ని దుప్పట్లో చుట్టి ఆటోలో తెచ్చింది. ఆమె ఎక్కించుకోవాలనుకున్నది, పోయిన భర్త కృష్ణయ్య తమ కూతురి పెళ్లిలో వియ్యంకుడితో హాస్యాలాడిన వీడియో. డీవీడీ పెడితే ఆ ప్లేయర్ కాసేపు తిప్పి బయటికి నెట్టేసింది.

“దీంట్లో వీసీడీలే ఆడతాయి, అదే చేస్తానమ్మా. బొమ్మ కాస్త మసగ్గా ఉంటది.”

“ఉండనీ బాబూ, నా కళ్లూ అంతేగా!”

వీడియో ఒక్క వీసీడీలో పట్టలేదు. సగానికి కోస్తే కృష్ణయ్య నవ్వు మధ్యలో తెగుతోంది. భాస్కర్ కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, నాలుగుసార్లు చూసి, ఆ నవ్వు పూర్తిగా ఆగినచోటే కోశాడు. మొదటి డిస్కు మీద పెద్దక్షరాలతో రాశాడు: “ఆయన నవ్వడం అయ్యాకే రెండోది పెట్టండి.”