ఆయమ్మ ఆపిన ప్రార్థన

కార్ఖానల రేకు కోస్తుంటే ఫోన్ మోగింది. పాస్టరయ్య. "ఆయమ్మ ప్రభువు దగ్గరికి పోయింది" అన్నడు. మిషన్ బంద్ చేసిన. నాకు ముందుగాల ఏడుపు రాలే, కోపమొచ్చింది. పెద్దోళ్ళు పోతే పేపర్ల ఫొటో వేస్తరు. ఈమె గురించి ఒక్క ముక్క రాదు. అందుకే నేను రాస్తున్న.

ఉప్పుగూడల మా చిన్న మందిరానికి వచ్చేటోళ్ళల్ల ఆమె పెద్దది. ప్రసూతి దవాఖానల ఆయాగ చేసి రిటైరైంది. ఎంతమంది పిల్లలకు మొదటి స్నానం పోసిందో ఆమెకే లెక్క తెల్వదు. దవాఖానల ఎవరన్న 'ఆయా' అని పిలిస్తే ఇటు తిరిగేది కాదట. 'అమ్మ' కలిపితేనే తిరిగేది. "సగం పిలిస్తే సగమే వస్త. ఏ సగం కావాల్నో చెప్పు" అనేదట డాక్టర్లతోని కూడ.

అణిగిమణిగి ఉండే ముసలామె అనుకుంటున్నరేమో, కాదు. ఆదివారం గంజి పెట్టిన చీర, మొహానికి పౌడరు, అందరికన్న ముందొచ్చి ఫ్యాన్ కింది కుర్చీ పట్టేది. ఈ వయసుల ఈ సోకేందని ఎవరన్న చూస్తే ఊకునేది కాదు. పైనున్న మా నాయిన రాజు, రాజు బిడ్డ ముడతల చీరల వస్తదా అనేది. ఆడోళ్ళు నవ్వేటోళ్ళు. మళ్ళ వారం వాళ్ళ చీరలకు కూడ ఇస్త్రీ ఉండేది.

నాది యాకుత్‌పురాల బీరువాలు చేసే కార్ఖాన. చిన్నప్పటి సంది అండ్లనే. సేటు నన్ను ఎన్నడు పేరుతోని పిలవలే. నికమ్మా, రేకు పట్టు. నికమ్మా, రంగు డబ్బా తే. దినమంత పని చేయించుకుంటనే పనికిరానోడా అని పిలుస్తుంటే ఒళ్ళు మండేది. కానీ రోజు వినంగ వినంగ మాట లోపలికి దిగుతది. ఒకసారి రేకు జారి నా అరచెయ్యి తెగింది. కుట్లు పడ్డయి. మానేదాక రావొద్దన్నడు సేటు. ఇంట్ల కూసున్న. కంచం ముందట కూసుంటే కూడ సిగ్గయ్యేది. సేటు అన్నది నిజమేనేమో అనిపించింది.

ఆ ఆదివారం పాస్టరయ్య నన్ను ప్రార్థన చేయమన్నడు. మా దగ్గర ఒక అలవాటుంది. ముందు మనల్ని మనం తక్కువ చేసుకుంటం. దుమ్ము అంటం, పురుగు అంటం. ఎంత తక్కువ చేసుకుంటే అంత భక్తి. నేను కూడ మోకరించి, "ప్రభువా, నేను ఎందుకూ పనికిరానివాడను" అని మొదలుపెట్టిన. అందరు ఆమేన్ అన్నరు. నేను అలవాటుకు అన్న మాట కాదది. నిజమనుకొనే అన్న. సేటు నన్నేమని పిలుస్తడో ఎరుకున్న ఆయమ్మకు ఒక్కదానికే అది తెలిసింది.

"ఆగు" అన్నది.

ప్రార్థన మధ్యల మా దగ్గర ఎవ్వరు మాట్లాడరు. కరెంటు పోయినా కండ్లు తెరవరు. ఆ దినం అందరు తెరిచిండ్రు.

"ఎవనికి పనికిరావు కొడుకా?"

మోకాళ్ళ మీదనే ఆమె దిక్కు తిరిగిన.

"సేటుకా? అట్లయితే పోయి సేటుతోని చెప్పుకో. ఈడెందుకు చెప్తున్నవ్?" కుర్చీల నుంచి లేచి నా ముందటికొచ్చింది. "నేను ఎత్తుకున్న పోరగాండ్లల్ల ఒక్కడన్న పనికొచ్చేటోడేనా? పుట్టంగనే ఏడ్చుడు, ఉచ్చ పోసుడు. అయినా నా బిడ్డ ఏం పనికొస్తదని ఏ తల్లన్న నన్నడిగిందా?"

ఎవరో నవ్విండ్రు. ఆమె నవ్వలే.

"యేసయ్య బాప్తిస్మం తీసుకొని నీళ్ళల్లకెల్లి లేచిండు. అప్పటికి ఒక్క గుడ్డోనికి చూపియ్యలే, ఒక్క రొట్టె పంచలే. ఇంక ఏ పని మొదలుపెట్టలే. అప్పుడే తండ్రి పైనుంచి చెప్పిండు, ఈయన నా కొడుకు, నాకు ఇష్టమైనోడు అని. ఇష్టం ముందు, పని తర్వాత. నీకు కూడ గంతే. మళ్ళ మొదలుపెట్టు."

పాస్టరయ్య అడ్డం రాలే. తల ఊపుకుంట నా దిక్కే చూసిండు. నేను మళ్ళ కండ్లు మూసుకున్న. "నాయినా, నేను నీ కొడుకును" అన్న. అంతకన్న ఒక్క మాట రాలే. దానికి వచ్చిన ఆమేన్‌కు పైకప్పు రేకులు అదిరినయి.

చెయ్యి మానినంక సేటు పిలిపించిండు. గడపల కాలు పెట్టంగనే ఆగయా నికమ్మా అన్నడు. "సేట్, నామ్ సే బులావ్" అన్న, పేరు పెట్టి పిలువుమని. రంగు కొట్టే భాయ్ నవ్వు ఆపుకోలేక బయటికురికిండు. సేటు నోరు తెరిచిండు, మూసిండు. ఇన్నేండ్లల్ల నా పేరు ఆయనకు తెల్వనే తెల్వదు. అడగాల్సొచ్చింది. అడిగిండు. చెప్పిన.

ఇదంత ఆయమ్మకు చెప్తే శభాష్ అనలే. గట్టిగ చెప్పినవా, గొణిగినవా అని అడిగింది.

నా కోపం పోలే. పోగొట్టుకొమ్మని ఆమె ఎన్నడు చెప్పలే కూడ. ఒకసారి నేనే అడిగితే, "ఉండనియ్. తను తక్కువోన్ని కాదని తెలిసినోనికే కోపమొస్తది. ఆ కోపంతోని ఇంకొకన్ని తక్కువ చేయకు, చాలు" అన్నది. గల్లీల నా తమ్ముళ్ళ తోటోళ్ళను వట్టిగనే ఒరేయ్ అనబోయి, ఇప్పటికీ నాలుక కరుచుకుంట.

సమాధికి తీసుకపోయే దినం పాట ఎవరు ఎత్తుకోవాలెనో ఎవరికీ తెల్వలే. ఎప్పుడూ ఆమెనే ఎత్తుకునేది. అందరు ఒకరి మొహం ఒకరు చూసుకున్నరు. నా గొంతు బాగుండదు. పెట్టె ముందటి కొస నా భుజం మీదుంది. నేనే ఎత్తుకున్న. వెనుకనుంచి ఒక్కొక్కరు అందుకున్నరు. రైల్వే గేటు కాడికి పోయేసరికి గేటు పడ్డది. ఆమెను భుజాల మీద పెట్టుకొనే నిలబడ్డం. రైలొచ్చింది. ఆ చప్పుడుకు నా పాట నాకే వినపడలే, అయినా ఆపలే. ఆఖరి డబ్బా దాటింది, పట్టాలు సప్పుడు లేకుంటయినయి. అప్పుడు వినపడ్డది అందరి పాట. గేటుకు అటు దిక్కు బండ్లు ఆపుకొని ఉన్నోళ్ళు ఇంజన్లు బంద్ చేసి మా దిక్కు చూస్తున్నరు, మేమంత గొంతెత్తి పాడుతనే ఉన్నం. గేటు మెల్లగ పైకి లేస్తున్నది.