కొబ్బరినూనె వేసిన తుపాకి

మొన్న గరాజ్‌లోంచి కొబ్బరినూనె వాసన వస్తే నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. అమెరికాలో, ఫ్రిస్కో ఊళ్లో మా కూతురి ఇల్లు ఇది. అల్లుడు మధు పాత వేటతుపాకి ఒకటి కొని, వీడియోలు చూసి తనంతట తానే బాగుచేయడం నేర్చుకుంటున్నాడు.

చిత్తూరు పక్క పల్లెలో మా నాయనకు సైకిలు షాపు ఉండేది. ఆయనకు చదువు లేదు, నాకూ అబ్బలేదు. చెరుకుతోటల మీద పడే అడవిపందులను తోలడానికి రైతుల దగ్గర లైసెన్సు తుపాకులుండేవి. అవి చెడితే నాయన విప్పి చూసీ చూసీ పని నేర్చుకున్నాడు. అమ్మ పాతచీర పరిచి, ఊడదీసిన ఒక్కో ముక్కనూ వరసగా పెట్టి, చుట్టూ సుద్దతో గీత గీసేవాడు. ఆ గీతలే ఆయన పుస్తకం. చలికాలం, గానుగల దగ్గర బెల్లం కాగే వాసన ఊరంతా కమ్ముకుంటే, చెరుకాకు మీద వేడిపాకం నాకుతూ నేను ఆయన పక్కనే కూర్చునేదాన్ని. చివర్లో మిషను నూనె రెండు చుక్కలు వేయడం నా పని.

ఒకరోజు మా ఊరి రైతు రెడ్డెప్ప మామ తుపాకికి వేయబోతే సీసా ఖాళీ. నాయన పంక్చరు పనిలో ఉన్నాడు. నూనె నూనే కదా అని, తలకు రాసుకునే కొబ్బరినూనె వేసి ఇచ్చేశాను.

ఆ వారం మంచు బాగా పడింది. తెల్లారి తోటలో పంది ఎదురైతే మామ మీట నొక్కాడట, తుపాకి పలకలేదు. పంది ఆయన తొడ చీల్చేసింది. ఆయన తమ్ముడు తుపాకి తెచ్చి షాపు ముందర పడేశాడు.

"సైకిళ్లు చేసేవాడికి తుపాకిస్తే ఇంతేబ్బా."

నాయన విప్పాడు. లోపల నూనె నెయ్యిలాగా తెల్లగా పేరుకుని ఉంది. వాసన చూశాడు. నా జడ వైపు చూశాడు.

"నూనె మార్చింది నేనే" అన్నాడు ఆ తమ్ముడితో.

నన్ను ఒక్క మాట అనలేదు. మళ్లీ తుపాకి ముట్టలేదు. రెడ్డెప్ప మామ బతికినన్నాళ్లూ కర్ర పట్టుకునే నడిచాడు, నేను కనబడితే చెరుకుగడ విరిచి ఇచ్చేవాడు, నేను దాన్ని తినకుండా దూడకు వేసేదాన్ని. కట్టుకున్నాయనకు కూడా, ఆయన పోయేదాకా ఈ సంగతి చెప్పలేదు.

"ఆయిల్ అయిపోయింది అత్తయ్యా, కిచెన్‌లోది వేస్తున్నా. ఆర్గానిక్" అని నవ్వాడు మధు.

"వొద్దు. చలికి గడ్డకడతాది."

"మీకెలా తెలుసు?"

నాయన లేడు, ఆ షాపు లేదు, గానుగలు కూడా పోయాయంటున్నారు. తిట్టాల్సిన వాళ్లెవరూ మిగల్లేదు.

"నూనె మార్చింది నేనే, నాయనా" అన్నాను.