మిరుగం నాడు తలకాయ లేని చేప

మా చిన్నప్పుడు... మిరుగం నాడు మా నాన్న ఖాళీ సంచితో ఇంటికొచ్చిన ఏడు ఒకటుంది.

మృగశిర కార్తెను మా మెదక్‌లో మిరుగం అంటాం. ఆ కార్తె మొదలైన రోజు ఇంట్లో అందరూ చేప తినాలి... ముక్కైనా సరే, గరిటెడు పులుసైనా సరే. ఎందుకని మా నానమ్మను అడిగితే ఒకటే జవాబు.

"తినాలె, గంతే. మా అత్త తిన్నది, నేను తింటున్న, రేపు నువ్వు తింటవ్."

తినకపోతే ఏమవుతుంది అంటే మాత్రం మాట మార్చేది. ఒక్క ఏడాది మాత్రం తను మిరుగం తప్పిందని మాకు తెలుసు. ఏ ఏడాదో, ఏమైందో ఎన్నిసార్లు అడిగినా చెప్పేది కాదు. నాకేమో అది తెలుసుకోకపోతే నిద్ర పట్టదన్నంత ఆరాటం!

ఆ ఏడు చెరువులన్నీ ఎండిపోయాయి. నాన్న పొద్దున్నే మార్కెట్‌కు పోతే అప్పటికే బుట్టలు ఖాళీ. స్కూటర్ మీద రామాయంపేట దాకా పోయి, అక్కడా దొరక్క, మధ్యాహ్నానికి ముఖం వేలాడేసుకుని వచ్చాడు. నానమ్మ చింతపండు నానబెట్టుకుని కూర్చునుంది. చేప నోట్లో పడందే మెతుకు ముట్టనంది. కోపం కాదది... మాటిమాటికీ వాకిలి వైపే చూస్తోంది.

"బస్టాండ్ కాడ సముద్రం చాపల హోటల్ పెట్టిండ్రే అమ్మా. పోదాం పా" అన్నాడు నాన్న.

"హోటల్లనా? ఎవలు కడిగిండ్రో, ఎట్ల కడిగిండ్రో!"

హోటల్లో చాయ్ కూడా తాగని మనిషి. అయినా మా ముఖాలు చూసి, కొంగు సర్దుకుని లేచింది.

ఆ హోటల్ ముందు నుంచే మేం బడికి పోయేవాళ్ళం. బోర్డు మీద పెద్ద నీలం చేప... లోపల ఫ్యామిలీ రూమ్ అని పరదా కట్టిన గది. నాకు రెండు అనుమానాలు ఉండేవి. పరదా వెనక ఏముంది? ఉప్పు నీళ్ళలో పెరిగిన చేపకు మళ్ళీ ఉప్పు వేస్తారా?

ఆ రోజు మమ్మల్ని ఆ గదిలోనే కూర్చోబెట్టారు. పరదా వెనక ఓ బల్ల, నాలుగు కుర్చీలు, ఓ క్యాలెండర్. అంతే! ఎంత ఉసూరుమన్నానో. ఇంతలో వేపుడు వచ్చింది. ముందు నాలుక కొసతో అంటించి చూశా... మన చెరువు చేపలాగే ఉంది ఉప్పు.

నానమ్మ మాత్రం ముక్కను అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

"దీని తలకాయ ఏది?"

మా ఇంట్లో చేప తలకాయ ఎప్పుడూ నానమ్మదే. చేప కళ్ళు, మొప్పలు చూడందే పొయ్యి మీదికి ఎక్కనిచ్చేది కాదు. హోటలాయన కోస్తా నుంచి వచ్చినవాడు, పరుగున వచ్చాడు.

"వంజరం అండీ, మంచి చేప. తలకాయలు కస్టమర్లకి వడ్డించమండి."

"మరి ఏం జేస్తరు?"

ఆయన వంటింటి వైపు చూశాడు.

"మొహం జూడని చాప నేను తినను" అని నానమ్మ ప్లేటు జరిపేసింది.

"తినే అమ్మా, జర... అందరు జూస్తుండ్రు" అన్నాడు నాన్న. పరదా వేసే ఉంది. ఎవరు చూస్తున్నారో నాకైతే అర్థం కాలేదు.

అప్పుడు పరదా కదిలింది. నానమ్మ ఈడు ఆమె, చేతులకు పసుపు, కారం... గిన్నె పట్టుకుని నిలబడింది. వంట చేసేది ఆమేనట, హోటలాయన తల్లి.

"తలకాయ నేను తింటానండీ. మా ఇంట్లో ఎప్పుడూ నాదే. ఇదిగో, వండి ఉంచుకున్నా, చూసుకోండి దీని మొహం" అని గిన్నె బల్ల మీద పెట్టింది.

నానమ్మ వంగి చాలాసేపు చూసింది. "అబ్బో, మూతి గింత కోసుగున్నదేంది!" అని, మెల్లగా అడిగింది.

"అక్కా... సముద్రం చాప మిరుగానికి చెల్లుతదా?"

"మిరుగం అంటే ఏంటండీ?"

మిరుగం తెలియని మనిషి ఉంటుందని నానమ్మ అనుకోలేదు. అంతా చెప్పింది. చెబుతూ చెబుతూ, మాకెప్పుడూ చెప్పనిది కూడా చెప్పేసింది.

"ఒక్క ఏడు తప్పినక్కా. ఇంట్ల లొల్లయ్యి, తెచ్చిన చాప వండలే. గా ఏడే మా పెద్దమనిషి పోయిండు. బీమారీతోనే పోయిండు, ఎరికే... గని భయమైతది."

 నానమ్మ మిరుగం తప్పింది తాత పోయిన ఏడేనని నాన్నకూ అప్పుడే తెలిసింది.

 ఆ పెద్దామె తలకాయను రెండు చేసి, సగం నానమ్మ ప్లేటులో పెట్టింది.

"మీ మంజీర నీళ్ళు కూడా చివరికి మా సముద్రంలోకే కదండీ వచ్చేది. చెల్లుతుంది, తినండి."

"నువ్వు సుత కూసో అక్కా. గిది ఒక్కదాన్ని తినేది గాదు."

ఇద్దరూ పరదా వెనక, వేళ్ళు నాకుతూ, ముల్లు ముల్లూ చప్పరిస్తూ తిన్నారు. 

ఆ హోటల్ అంతగా నడవలేదు. ఐసు పెట్టెల చేప మా ఊరికి అలవాటు కాలేదు. మరుసటి మిరుగానికి చెరువుల్లో నీళ్ళున్నాయి, నాన్న పెద్ద బొచ్చె చేప తెచ్చాడు. నానమ్మ తలకాయ సగమే తిని, మిగతా సగం గిన్నెలో మూతపెట్టి, ఆ పెద్దామెకిమ్మని నన్ను బస్టాండ్‌కు పంపింది. నీలం చేప బోర్డు అలాగే ఉంది... తలుపుకు తాళం. బడి సెలవుల్లో ఎప్పుడో మూసేశారట.

గిన్నె పట్టుకుని తిరిగొచ్చాను. నానమ్మ సాయంత్రం దాకా చూసి, "ఇగ నువ్వు తిను బిడ్డా" అంది. నేను తిన్న మొదటి తలకాయ అదే.

ఇప్పుడు మా మెదక్‌లో ఫ్యామిలీ రెస్టారెంట్లు బోలెడు. పరదాలు పోయి ఏసీలు వచ్చాయి. చేప ముల్లు లేకుండా వస్తుంది, తలకాయ ఊసే లేదు. ఎక్కడికి పోయినా నేను అడుగుతాను... "తలకాయ ఏం జేస్తరు?" అని. వడ్డించేవాళ్ళు నవ్వుతారు. నా కళ్ళు మాత్రం వంటింటి తలుపు వైపే ఉంటాయి, ఎవరైనా గిన్నె పట్టుకుని వస్తారేమోనని.

నానమ్మ పోయాక మా ఇంట్లో తలకాయ నాదైంది. మిరుగం నాడు ఇప్పటికీ సగమే తింటాను... మిగతా సగం సాయంత్రం దాకా మూతపెట్టి ఉంచుతాను.

మరి మీ ఇంట్లో... చేప తలకాయ ఎవరిది?