రేపు వస్తుందన్న పాలసీసా

కొట్లో పాలసీసాల అట్టపెట్టె విప్పినప్పుడల్లా కొత్త రబ్బరు వాసన గుప్పుమంటుంది. నిన్న పొద్దున కూడా అంతే. ఇంకెవరికైనా అది వట్టి రబ్బరు వాసన. నాకు మాత్రం ముందు ఒళ్ళు మండుతుంది, ఆ వెంటనే మా మావయ్యగారు గుర్తొస్తారు, ఆయన గుర్తొచ్చాక మంట కాస్త తగ్గుతుంది. పూర్తిగా తగ్గదు. నరసాపురంలో మాది కిరాణా కొట్టు. ఉప్పూ పప్పూ మొదలుకొని జడపిన్నుల దాకా అన్నీ ఉంటాయి. ఇప్పుడు గల్లాపెట్టె ముందు నేను కూర్చుంటున్నాను గానీ, నేను కాపురానికి వచ్చేనాటికి అది మావయ్యగారి చోటు. అత్తగారు మా పెళ్ళికి ముందే పోయారు. మా ఆయన సరుకు కోసం ఊళ్ళు తిరిగేవారు. అందుచేత నాకు వ్యాపారం నేర్పిందీ, రోజూ ఓపిక నశించేలా చేసిందీ కూడా ఆయనే.

ఆయన ఎవరినీ కసురుకోగా నేను చూడలేదు. పొట్టి చేతుల చొక్కా, తెల్ల పంచె, మెత్తటి మాట. ఆ మెత్తదనంతోనే ఎదుటివాళ్ళ ప్రాణాలు తోడేసేవారు. నేను కొట్లో కూర్చోవడం మొదలుపెట్టిన కొత్తలో లేసు అల్లుకునే ఒకావిడ వచ్చి సన్న దారం కావాలంది. మేము దారం అమ్మం. "లేదండి" అన్నాను. లోపల లెక్క చూసుకుంటున్న మావయ్యగారు గబగబా బయటికొచ్చి, "రేపొస్తుందమ్మా, ఓసారి కనబడు" అని ఆవిణ్ణి పంపించేశారు. తర్వాత నా వైపు తిరిగారు.

"అమ్మాయ్, కొట్లో ఆ మాట అనకూడదమ్మా. నిండుకుంది అనాలి. లేకపోతే రేపొస్తుంది అనాలి."

"అసలు మనం దారం అమ్మం కదండి మావయ్యగారూ."

"అమ్మం. అయినా అనకూడదు. లక్ష్మి కూర్చునే చోటు కదా."

ఆవిడ నిజంగానే మర్నాడు వచ్చింది. లోడు దార్లో ఉందన్నారు. ఆ పై రోజూ వచ్చింది. పాపం వచ్చినప్పుడల్లా మొహమాటానికి ఓ సబ్బో, అగ్గిపెట్టో కొనుక్కుని వెళ్ళేది. ఆ లోడు ఇప్పటికీ దార్లోనే ఉంది. ఇదేం పద్ధతని మా ఆయన దగ్గర గొడవ పెట్టుకుంటే, మా తాతగారి నాటి నుంచీ ఇంతేనని నవ్వేసి ఊరుకున్నారు. వ్యాపారస్తుల ఇళ్ళల్లో ఇది కొత్తేమీ కాదు, మా పుట్టింట్లోనూ బియ్యం అయిపోతే నిండుకున్నాయనే అనేవారు. కానీ మావయ్యగారికి అది మాట పట్టింపు స్థాయి దాటి స్వభావం అయిపోయింది. అప్పడిగినవాడికి, చందా అడిగినవాడికి, పెళ్ళిసంబంధం తెచ్చినవాడికి, అందరికీ ఆయన రేపే చెప్పేవారు. కాదనిపించుకుని మా గుమ్మం దిగినవాళ్ళు లేరు. పని జరిగి దిగినవాళ్ళూ తక్కువే.

మా అబ్బాయి పండు పుట్టాక నాకు పాలు చాలక నెలల పిల్లాడప్పుడే సీసా పట్టాము. రెండేళ్ళు దాటినా వాడు దాన్ని వదల్లేదు. సీసా నోట్లో పెట్టుకునే నడిచేవాడు, పప్పు మూటల మీద పడుకునేవాడు, తాత ఒళ్ళో కూర్చుని వచ్చేపోయేవాళ్ళని చూసేవాడు. అన్నం ముద్ద చూపిస్తే చాలు మొహం తిప్పేసేవాడు. "మీవాడు ఎంత తెల్లగా ఉన్నాడండి" అని కొట్టుకొచ్చిన ఆడవాళ్ళు మురిసిపోతుంటే నేనూ మురిసిపోయాను. తీరా గుమ్మం మెట్లెక్కడానికే రొప్పడం మొదలుపెట్టాక భయమేసి, రాజమండ్రిలో పిల్లల డాక్టరు గారికి చూపించాము. ఆయన వాడి కింది కనురెప్ప లాగి చూసి, రక్తపరీక్ష చేయించి, కాగితం బల్ల మీద పెట్టారు.

"ఇది తెలుపు కాదమ్మా, ఒంట్లో రక్తం లేదు. రోజంతా పాలతో కడుపు నింపుకుంటుంటే తిండెక్కడ తింటాడు? ముందు ఆ సీసా మానిపించండి. మందు రాస్తాను గానీ, ఇలాగే ఉంటే మళ్ళీ వచ్చేసరికి ఆస్పత్రిలో పెట్టి రక్తం ఎక్కించాల్సొస్తుంది."

మావయ్యగారు పక్కనే చేతులు కట్టుకుని నిలబడి, "అలాగేనండి, మానిపించేస్తామండి" అన్నారు. ఆయన అంత వెంటనే ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

ఇంటికొచ్చి నేను చెయ్యని ప్రయత్నం లేదు. పాలపీకకి వేపాకు రసం రాశాను. వాడు ఒకసారి నాకి, మొహం వికారంగా పెట్టి, తాత దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయన దాన్ని తన కండువాతో శుభ్రంగా తుడిచి ఇచ్చారు. బొమ్మల గ్లాసు కొన్నాను. దాన్ని కాలవలోకి విసిరేశాడు. ఉన్న సీసాలన్నీ తీసి పారేసి హమ్మయ్య అనుకున్న రోజు, ఎండుమిర్చి డబ్బా మూత తీస్తే లోపల పాలసీసా వెచ్చగా తగిలింది. "పావుసీసాయేనమ్మా, ఏడుస్తుంటే చూడలేక" అన్నారు మావయ్యగారు తల వంచుకుని. ఆయన్ని ఏమనగలను? పెద్దాయన. వెళ్ళి పెరట్లో గిన్నెలు తోముకున్నాను. ఆ పూట తోమిన గిన్నెల్లో రెండు సొట్టలు పడ్డాయి.

ఇక లాభం లేదని కొట్లో కొక్కేనికి వేలాడే అమ్మకం సీసాలు కూడా తీయించి, అటక మీద పెట్టించి తాళం వేశాను. ఈసారి మావయ్యగారికి దారి లేకపోయింది. పండు ఆ ఖాళీ కొక్కెం చూపించి "తాతా, సీస" అన్నాడు. ఆయన వాణ్ణి ఎత్తుకుని బుజ్జగించారు. "నిండుకున్నాయి నాన్నా. రేపొస్తాయి. లోడు ఆటోలో వస్తాయి."

పిల్లాడు ఏడుపు మానేశాడు. మావయ్యగారు నా వైపు గెలిచినట్టు చూశారు. నేనూ పోనీలే అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే లోడు ఆటో వచ్చేసరికి వాడు మెట్టు మీద సిద్ధంగా కూర్చుని ఉన్నాడు. దించిన ప్రతి అట్టపెట్టె దగ్గరికీ వెళ్ళి తట్టి చూశాడు. నూనె డబ్బాలు, బిస్కట్లు, సబ్బులు. సీసాలు రాలేదు. "రేపు నాన్నా" అన్నారు తాత. వాడు బుద్ధిగా తలూపాడు. అన్నం పెడితే తినలేదు, పాలు గ్లాసులో ఇస్తే ముట్టలేదు. ఎందుకు ముడతాడు, రేపు సీసా వస్తుంటే? ఆ పై రోజూ అదే తంతు. వాడు ఏడవడం లేదు, అల్లరి లేదు, మెట్టు మీద కూర్చుని రోడ్డు చూడడమే. నిమ్మరసం, నాలుగు మెతుకులు, బలవంతాన పోసే మందు, ఇంతే లోపలికి వెళ్తున్నది. నిలబడితే కాళ్ళు వణుకుతున్నాయి. చివరికి నా నోరు ఆగలేదు.

"మీరు రేపంటే ఊళ్ళోవాళ్ళకి తెలుసు మావయ్యగారూ, అది రాదని. వాడికి తెలీదు. మీరు చెప్పారని వాడు తిండి మానేసి కూర్చున్నాడు. రక్తం ఎక్కించేటప్పుడు కూడా రేపే చెప్తారా?"

ఆ రోజు ఆయన కూడా భోజనానికి లేవలేదు.

మర్నాడు ఆటో వచ్చింది. ఇంకా బోణీ కాలేదు. మొదటి బేరం మనిషి గుమ్మంలో నిలబడి ఉంది, లేసు దారం కోసం తిరిగి తిరిగి మా కొట్టుకే అలవాటు పడిపోయిన ఆవిడే. పండు పెట్టెలన్నీ తట్టి చూసి, "తాతా, సీస?" అన్నాడు. మావయ్యగారు గల్లాపెట్టె ముందు నుంచి లేచారు. వచ్చి, మోకాళ్ళు పట్టుకుని, వాడి పక్కన మెట్టు మీద కూర్చున్నారు.

"లేదు నాన్నా. సీసా లేదు. రేపు కూడా రాదు. తాత అబద్ధం చెప్పాడు."

పిల్లాడు ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసి, వీధి వీధంతా అదిరిపోయేలా ఏడ్చాడు. తాతని కొట్టాడు, కళ్ళజోడు లాగి పడేశాడు. ఆయన వాడికి బిస్కట్టు ఇవ్వలేదు, ఆటో చూపించలేదు, కాకిని పిలవలేదు. నేను ఎత్తుకోబోతే చెయ్యి అడ్డం పెట్టి, "ఉండమ్మా, ఏడవనీ" అన్నారు. ఆయన కళ్ళల్లోనూ నీళ్ళు కారిపోతున్నాయి. బేరానికొచ్చిన ఆవిడ చెప్పకుండానే తిరిగి వెళ్ళిపోయింది. చాలాసేపటికి వాడు అలిసిపోయి ఆయన తొడ మీద తల పెట్టాడు. ఆయన సైగ చేస్తే ముద్దపప్పు అన్నం కలిపి తెచ్చాను. రెండు ముద్దలు ఆయన చేతిలోంచి తిన్నాడు. మూడోది ఉమ్మేశాడు.

గిన్నె నా చేతికిస్తూ అన్నారు మావయ్యగారు: "లేదంటే ఏడ్చాడు, అయిపోయింది. రేపంటే అవలేదమ్మా."

అక్కడితో అంతా సుఖాంతం అనుకుంటే పొరపాటు. గ్లాసుతో తాగడానికి ఇంకా చాలా రోజులు సతాయించాడు. గుడ్డు, తోటకూర, బెల్లం వేరుశనగ ఉండ, ఒక్కొక్కటీ ఒక్కో యుద్ధం. కానీ రాజమండ్రి వెళ్ళినప్పుడు డాక్టరు గారు మళ్ళీ కనురెప్ప లాగి చూసి, రక్తం ఎక్కించే మాట ఎత్తలేదు. బయటికొచ్చాక మావయ్యగారు ఆస్పత్రి గోడకి ఆనుకుని కాసేపు అలాగే నిలబడిపోయారు. బేరాలకి మాత్రం ఆయన రేపే చెప్తూ వచ్చారు. నాకు విసుగు పుడుతూనే వచ్చింది.

పండుకి ఆరో ఏడు నడుస్తుండగా ఆయన పోయారు. పొద్దున కాఫీ తాగి, గుండె పట్టుకుని కూలిపోయారు. ఇంటినిండా చుట్టాలు. పిల్లాడు గదులన్నీ వెతుకుతుంటే ఒకరు తాత ఆస్పత్రికెళ్ళాడన్నారు, ఇంకొకరు ఊరెళ్ళాడన్నారు. మా ఆడపడుచు వాణ్ణి దగ్గరికి తీసుకుని, "రేపొచ్చేస్తాడు కన్నా" అంది. వాడు తలూపి, వెళ్ళి కొట్టు మెట్టు మీద రోడ్డుకేసి చూస్తూ కూర్చున్నాడు.

మావయ్యగారి మీద నాకు ఎన్నడూ రానంత కోపం వచ్చింది. జన్మంతా తాను తప్పించుకుని తిరిగిన మాట ఇప్పుడు నా నోట పెట్టి వెళ్ళిపోయారు. వద్దని ఆడపడుచు కొంగు పట్టుకుని ఆపుతున్నా విడిపించుకుని, వెళ్ళి వాడి పక్కన కూర్చుని, తాత లేడని, రేపు కూడా రాడని చెప్పాను. వాడు నన్ను కొట్టాడు. ఎవరో బిస్కట్టు పట్టుకొస్తే వెనక్కి పంపేశాను. ఏడుపు దానంతట అది ఆగేదాకా, ఆయన కూర్చున్నట్టే, కదలకుండా కూర్చున్నాను.